ఆనోడ్‌కు పేరెలా వచ్చింది

ఈరోజు పట్టాలందుకుంటున్న విద్యార్థులందరికీ నా అభినందనలు.

ఆనోడ్, కాథోడ్, అయాన్. ఈ మాటల్ని మీలో చాలామంది పరీక్షల కోసం బట్టీపట్టే ఉంటారు. వాటి పుట్టుక గురించి మీతో చెప్పాలని వచ్చాను.

మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ, అక్కడికి వచ్చిన పుస్తకాలే చదివి పైకొచ్చాడు. గ్రీకు రాదు. ద్రావణాల్లోకి కరెంటు పంపి చూస్తున్న రోజుల్లో, కరెంటు లోపలికి వెళ్ళే, బయటికి వచ్చే కొసలకు అప్పటికి వాడుకలో ఉన్న ‘ధ్రువం’ అనే మాట ఆయనకు నచ్చలేదు. ధ్రువమంటే అయస్కాంతంలా లాగుతుందన్న అర్థం వస్తుంది. అలా లాగుతోందని ప్రయోగం చెప్పలేదు. ప్రయోగం చెప్పనిదాన్ని పేరు చెప్పకూడదని ఆయన పట్టుదల.

కొత్త పేర్ల కోసం 1834లో కేంబ్రిడ్జిలోని విలియం హ్యూయెల్‌కు ఉత్తరం రాశాడు. హ్యూయెల్ వడ్రంగి కొడుకు, గ్రీకులో దిట్ట. ‘సైంటిస్ట్’ అన్న మాటా ఆయన పుట్టించిందే. ఫారడే ఊహ ఇది: భూమి చుట్టూ తూర్పు నుంచి పడమరకు కరెంటు తిరగడం వల్లే భూమికి అయస్కాంతత్వం వచ్చిందనుకుందాం. మన పాత్రలోని కరెంటునూ అదే దిశలో ఉంచుదాం. అప్పుడు ఒక కొస సూర్యుడు ఎక్కివచ్చే వైపు, మరొకటి దిగిపోయే వైపు ఉంటాయి. హ్యూయెల్ గ్రీకు నుంచి ఈ పేర్లు సూచించాడు: పైకెక్కే దారి ఆనోడ్, కిందికి దిగే దారి కాథోడ్, వాటి వైపు కదిలేది అయాన్. గాజుపాత్రలోకి సూర్యోదయాన్ని తెచ్చిన ఆ ఊహ నాకు ఎప్పటికీ అద్భుతమే.

ఆక్సిజన్ కథ వేరు. ఆమ్లాలన్నిటికీ అదే మూలమని నమ్మి, ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థంలో లావోయిజియే ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. పేరు మాత్రం నిలిచింది. మనం దాన్ని ‘ఆమ్లజని’ చేసుకుని, ఆ పొరపాటునూ తెలుగులోకి తెచ్చుకున్నాం.

మీలో కొందరు రేపు ఒక జీవికో, పదార్థానికో, పద్ధతికో పేరు పెడతారు. అప్పుడు ఫారడేలా మరో శాఖవారి తలుపు తట్టండి. మీకు రుజువైనంతవరకే పేరులో చెప్పండి.

విద్యుత్తు గురించి మన అభిప్రాయాలు ఎలా మారినా ఈ మాటలు చెల్లాలన్నదే ఫారడే ఉద్దేశం. ఆయన 1867లో కన్నుమూశాడు. 1897లో జె.జె. థామ్సన్ ప్రయోగాలతో ఎలక్ట్రాన్ బయటపడింది. తీగల్లో ప్రవహించేవి ఆ ఎలక్ట్రాన్లేనని, అవి కరెంటు దిశ అని అందరూ అనుకున్నదానికి ఎదురుగా నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. అయినా ఆనోడ్ పేరు మార్చాల్సిన అవసరం రాలేదు.