ముఖారోగ్యము – పురుషుల యుపేక్ష

(మహాసభయందుఁ గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గుఱించియు, వసతిగృహమును గుఱించియుఁ బెద్దలు ప్రసంగించిరి. పిమ్మట మేము పండ్లను గుఱించి మాటాడఁబూనుట కొందఱికి నవ్వు గొలుపవచ్చును. జీవితమంతయు సంస్కృతము బోధించిన మాకు నోటితో సంబంధము మెండు. త థ ద ధ న ల స లకు దంతములే స్థానమని పసివారికి నేర్పితిమి. దంతమునకు ద్విజమని సంస్కృతమునఁ బేరు. పాలపండ్లు రాలి రెండవమాఱు మొలచుటచే నా పేరు వచ్చినది. మూఁడవ జన్మము దానికి లేదు.

ఆఁడువారు పిల్లలను వైద్యునికిఁ జూపఁబోయి తామును జూపించుకొందురు. మగవారు నొప్పి పుట్టినఁగాని కదలరు. అడిగినచో "మా తాతలు వేఁపపుల్లతోఁ దోముకొనలేదా?" యందురు. తోముకొనిరి. అయితే శాస్త్రమేమి చెప్పినదో చూతము. చరకసంహిత సూత్రస్థానమున నైదవ యధ్యాయమునందు దంతధావనము దినమునకు రెండు పర్యాయములు చేయవలెననియు, చిగుళ్లకు బాధ కలుగనీయరాదనియు స్పష్టముగా నున్నది. నాలుక గీచుకొనుటయు నందే కలదు. సుశ్రుతుఁడు పుల్ల పండ్రెండంగుళముల పొడవును (వ్రేలి వెడల్పే యిచ్చట నంగుళము, ఇంచి కాదు), చిటికెనవ్రేలి లావును గలదై యుండవలెనని విధించి, చేదుచెట్లలో వేఁపను శ్రేష్ఠముగాఁ బేర్కొనెను. మనమో, ఉదయమున నొక్కమాఱు, అదియు నిటుకపొడియో కచ్చికయో పట్టించి, చిగుళ్లు నెత్తురు గ్రమ్మునట్లు రుద్ది, యిది యాచారమనుకొందుము. రాత్రిపూఁట సంగతి యాచారవంతులకును గుర్తులేదు! పరుండఁబోవుటకు ముందు మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడుగల పేస్టుతోఁ దోముకొనినచోఁ జరకుఁడు కోపింపఁడు.

చిగుళ్లనుండి నెత్తురు వచ్చుట చిన్న సంగతి కాదు. పండ్ల మొదళ్లయందుఁ బాచి గారయై గట్టిపడి, సూక్ష్మజీవులకు నెలవై చిగుళ్లను వాపఁజేయును. క్రమముగా లోని యెముక క్షీణించి, పుచ్చని పండ్లును గదలును. మధుమేహము గలవారికి నీ వ్యాధి యధికము. ఇది ముదిరినకొలఁది రక్తమునందలి చక్కెర యదుపునకు వచ్చుట కష్టము. చిగుళ్లకుఁ జికిత్స చేయించినచోఁ జక్కెర కొంత తగ్గునని పరిశోధనలలోఁ దేలినది. హృద్రోగముతోడను సంబంధము గానవచ్చుచున్నది. ఇదియే కారణమని మాత్రము వైద్యులు నిశ్చయింపలేదు. మన యిండ్లలో నేఁబది దాటిన మగవారిలోఁ జక్కెర మాత్రలు మ్రింగనివా రెందఱు?

అంతకంటె ఘోరమైనవి పొగాకు, వక్క. మన దేశమునఁ బురుషులకు వచ్చు క్యాన్సరులలో నోటి క్యాన్సరే మొదటిదని 2022వ సంవత్సరపు టంతర్జాతీయపు లెక్కలు చెప్పుచున్నవి. వక్కపొడిలోఁ బొగాకు లేదుగదా యను సమాధానము చెల్లదు. వక్కయే క్యాన్సరుకారకమని ప్రపంచారోగ్యసంస్థకుఁ జెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లోఁ బ్రచురించిన గ్రంథమున నిర్ధారించినది.

మాకడఁ జదివిన యొక విద్యార్థి రఘువంశ శ్లోకములను గంట మ్రోగినట్లు చదివెడివాఁడు. ముప్పదియైదేండ్లు నిండకమునుపే, గుట్కా యలవాటుచే బుగ్గలు లోపల గట్టిపడి, రెండువ్రేళ్ల మేరకంటె నోరు తెఱవరాని స్థితిలో మమ్ముఁ జూడవచ్చెను. "నమస్కారమండీ, మాస్టారూ" యనుటకే యతఁడు పడిన కష్టము చూచితిమి. ముద్ద నోటఁ బట్టక పెండ్లిపంక్తిలోఁ గూర్చుండుట మానినాఁడట.

నోటిలోఁ దెల్లనిదో యెఱ్ఱనిదో మచ్చ, రెండువారములకు మానని పుండు, మూఁడువ్రేళ్లు నిలువునఁ బట్టని నోరు — వీనిలో నేది కనఁబడినను వెంటనే చూపించుకొనవలెను. తొలిదశలోఁ గనిపెట్టిన నోటి క్యాన్సరు నయమగుట కవకాశము హెచ్చు.

మధ్యాహ్న భోజనానంతరము పందిటి ద్వారముకడఁ దట్టలలోఁ బెట్టిన వక్కపొడి పొట్లము లందఱును జూచితిరి. వానికి మాఱుగా సోఁపు పెట్టినను మర్యాదకు లోపము రాదు. మన విద్యానిధి సాయముతో దంతవైద్యము చదివిన యువతీయువకు లీ సభలోనే కూర్చున్నారు. వచ్చు మహాసభలో వారిచే నొక పరీక్షాశిబిరము పెట్టించి, నలువది దాటిన ప్రతి పురుషుఁడును మొదట నోరు చూపించి పిమ్మట భోజనశాలకుఁ బోవునట్లు తీర్మానింపుఁడని కార్యవర్గమును వేఁడుచున్నాము. మొదటిచీటి మా పేరనే వ్రాయుఁడు.