పాలమూరు మాట యంత్రానికి తెలుసా?

మన పాలమూరు ప్రాంతంలో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ విద్యార్థి రోగిని ఎలా ప్రశ్నించాడో చూసి తప్పొప్పులు చెప్పడం గురువు పని. ఇప్పుడా పనికి కృత్రిమ మేధను చాలా దేశాల్లో పరీక్షిస్తున్నారు. రోగులు యాసలో మాట్లాడతారు కాబట్టి మన దగ్గర పరీక్ష ఇంకాస్త కఠినంగా ఉండాలి. "పానం బాగలేదు సారూ, గుండెల దడగుంది" అని ఒక అవ్వ అంటుంది. ఎప్పటి నుంచి, నడిస్తే ఎక్కువవుతుందా, కళ్లు తిరుగుతున్నాయా అని విద్యార్థి అడిగాడా లేదా? అది యంత్రం పట్టుకోగలగాలి. ఒకే సంభాషణకు గురువూ యంత్రమూ విడివిడిగా మార్కులు వేసి, తేడా ఎక్కడొచ్చిందో సరిచూడాలి. రోగి ఒప్పుకోకుండా మాటలు రికార్డు చేయనే కూడదు. అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: మన యాస అర్థం కాని సాధనాన్ని తరగతిలోకి రానివ్వకండి.