మా యాడికి ఇంకో నాలుగేండ్లు కావాలె



మనలో ఒక్క పని మీదనే బతికేటోళ్లు ఎంతమంది? చేతులెత్తమంటే రెండో మూడో లేస్తయి. మిగిలినోళ్లం పొద్దున ఒక పని, మాపటికి ఇంకో పని చేసుకునేటోళ్లమే.

మా యాడి సంగతే చెప్త. పొద్దున ఆరింటికి చిట్యాల హైవే పక్కన ఒక ఫ్యాక్టరీల ఊడ్చే పని, కాంట్రాక్టర్ కింద. మధ్యాహ్నం నుంచి హోటల్ల గిన్నెలు తోమే పని. కాలమొస్తే పత్తి ఏరబోతది. పన్నెండేండ్ల నుంచి ఇదే బతుకు. మొన్న ఒకనాడు అడిగింది: "బేటా, నా జీతంల పీఎఫ్ అని కోసిండ్రు కదా. ముసలిదాన్నయినంక నాకేమొస్తది?" డిగ్రీ చదివిన నా దగ్గర జవాబు లేదు. అప్పుడు కాయితాలన్నీ ముందేసుకొని కూర్చున్న.

ముందు చట్టం ఏమంటదో చూద్దాం. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలె. కాంట్రాక్ట్ కూలీలకూ ఉండాలె. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు కంపెనీదే బాధ్యత. మన జీతంలోంచి 12 శాతం కోస్తరు, యజమాని ఇంకో 12 శాతం కలపాలె. ఆయన వాటాలోంచి 8.33 శాతం పింఛన్ ఖాతాలోకి పోతది. ఈ పింఛన్ పథకం 1995 నుంచి ఉన్నది. మొత్తం పదేండ్ల సర్వీసు ఉంటే 58 ఏండ్లు నిండినంక నెలనెలా పింఛన్ వస్తది. ఆ పదేండ్లు ఒక్క కంపెనీలనే చెయ్యాలని లేదు. నడుమ ఖాళీ వచ్చినా మునుపటి ఏండ్లు పోవు. కానీ ఒకే నెలల రెండు చోట్ల పనిచేస్తే సర్వీసు ఒక నెలే, రెండు కాదు.

మరి మా యాడికి ఎన్నేండ్లు ఉన్నయి? మొదటి కాంట్రాక్టర్ కింద నాలుగేండ్లు. పని మానంగనే ఒక ఏజెంట్ 10సి ఫారం మీద వేలిముద్ర వేయించి పింఛన్ పైసలు కూడా తీయించిండు. అక్క పెండ్లికి అక్కరకొచ్చినయి, కాదనను. కానీ ఆ పైసలతో పాటు నాలుగేండ్ల సర్వీసు కూడా పోయింది. ఈ ముచ్చట ఆమెకు ఎవ్వరూ చెప్పలే. రెండో కాంట్రాక్టర్ పేరు తప్పు రాసి కొత్త యూఏఎన్ నంబర్ తీసిండు, అక్కడ మూడేండ్లు. కరోనాల పని పోయి రెండేండ్లు హోటల్, పత్తి చేన్లు. హోటల్ల ఐదుగురే, అక్కడ పీఎఫ్ లేదు. ఇప్పుడున్న కాంట్రాక్టర్ కింద మూడేండ్లు, ఇంకో నంబర్.

పన్నెండేండ్ల చాకిరీకి లెక్కల మిగిలింది ఆరేండ్లు. అది కూడా పేరు సరిచేయించి, రెండు నంబర్లు కలిపిస్తేనే. ఆమెకు ఇప్పుడు 51. ఇంకో నాలుగేండ్లు కావాలె. అందుకే ఈ ముచ్చట మీ ముందు పెడుతున్న.

"పదేండ్లకు వచ్చేదెంత?" అని అడుగుతరు. లెక్క ఇది: చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏండ్లతో గుణించి 70తో భాగించాలె. 12,000 జీతానికి పదేండ్లయితే సుమారు 1,714 రూపాయలు. ఇరవై ఏండ్లు చేస్తే ఇంకో రెండేండ్లు కలుపుతరు, సుమారు 3,771 అయితది. ఎక్కువేం కాదు. కానీ బతికినన్నాళ్లు వస్తది, మనం పోయినంక ఇంటామెకో, ఇంటాయనకో కొంత వస్తది. ఎవరినీ బతిలాడి తెచ్చుకునేది కాదు, మన చెమటకు లెక్క.

అందుకని మూడు మాటలు గుర్తుపెట్టుకోండ్రి.

ఒకటి, పనిల చేరిన్నాడే యూఏఎన్ నంబర్ అడగుండ్రి. పాతది ఉంటే అదే ఇయ్యుండ్రి, కొత్తది తీయనియ్యకుండ్రి. ఆధార్ల ఉన్న పేరే అక్కడా ఉండాలె. పైసలు పడుతున్నయో లేదో ఉమంగ్ యాప్ల పాస్‌బుక్ చూడుండ్రి.

రెండు, ఆపదొస్తే 31 ఫారం మీద పీఎఫ్ అడ్వాన్స్ తీసుకోండ్రి, దాంతోని పింఛన్ సర్వీసు పోదు. 10సి మీద మాత్రం పైసలకు వేలిముద్ర వెయ్యకుండ్రి. అదే ఫారం మీద స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చు. అది ఉంటే చేసిన ఏండ్లు పదిలం.

మూడు, పీఎఫ్ లేని పనే ఉన్నోళ్లు, హోటళ్ల, ఆటోల, చేన్ల ఉన్నోళ్లు, 18 నుంచి 40 లోపు వయసుంటే శ్రమ యోగి మాన్‌ధన్ చూడుండ్రి. 29 ఏండ్లకు చేరితే నెలకు 100 రూపాయలు, సర్కారు ఇంకో 100 కలుపుతది, 60 నిండినంక నెలకు 3,000. పీఎఫ్ ఉన్నోళ్లకు ఇది రాదు. వాళ్లు 18 నుంచి 40 లోపు వయసుంటే బ్యాంకుల అటల్ పెన్షన్ అడగొచ్చు, ఆదాయపు పన్ను కట్టేటోళ్లు మాత్రం కాకూడదు.

"ఆసరా వస్తది కదా" అంటరు కొందరు. రావాలె, దానికీ కొట్లాడుదాం. కానీ కష్టం చేసి సంపాదించిన హక్కును ఎందుకు విడిచిపెట్టాలె?

ఈ రాత్రి ఇంటికి పోయి మీ అమ్మను, నాయినను ఒక్క మాట అడగుండ్రి: "నీ నంబర్ ఏంది? ఎన్నేండ్లయినయి?" జవాబు లేకపోతే కాయితాలు పట్టుకొని రండ్రి, కూర్చుందాం. మా యాడి కాయితాలతోనే మొదలుపెట్టిన. పేరు సరిచేసే దరఖాస్తు పోయింది. మా యాడి నాలుగేండ్లు లెక్కబెడుతున్నది.