ఎక్కడికమ్మా, ఒక్కదానివే?

(మహిళా దినోత్సవం సందర్భంగా జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'స్త్రీలు - సంచార స్వేచ్ఛ' అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టాల గురించి నాకన్నా బాగా చెప్పగల వకీళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేను పోయిన జనవరిలో చేసిన ఒక ప్రయాణం గురించి చెప్తాను. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం పక్కనే స్కూటీ మీద వెళ్ళాను. ఒక్కదాన్నే. పంతొమ్మిది రోజులు పట్టింది.

మనకి ఊళ్ళు తిరగడం కొత్త కాదు. నిజనిర్ధారణ కమిటీలతో వెళ్తాం, శిక్షణ తరగతులకి వెళ్తాం, ఎక్కడైనా అత్యాచారం జరిగితే రాత్రికి రాత్రి బస్సెక్కుతాం. ఈసారి అలాంటి పనేదీ లేదు. లైట్‌హౌస్‌లు చూడాలి, పక్షుల్నీ తాబేళ్ళనీ చూడాలి, మడ అడవుల్లో తిరగాలి. అంతే. ఇదే ఎవరికీ మింగుడు పడలేదు. మొదటి రోజు బారువ లైట్‌హౌస్ దగ్గర కొబ్బరిబోండాలు అమ్మే ఆవిడ, "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చినావా? మగోడు రాలేదా?" అంది. రాలేదన్నాను. "ఏటి పని మీద?" పనేం లేదు, చూడ్డానికి వచ్చానన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇంటికాడ గొడవేటైనా అయిందేటి?" అని మెల్లగా అడిగింది. జాలితోనే అడిగింది. బోండాం డబ్బులు కూడా తీసుకోనంది.

తర్వాత ఒక ఊళ్ళో ఉండబట్టలేక 'సర్వే' అని చెప్పి చూశాను. వెంటనే కుర్చీ వేశారు, టీ తెచ్చారు, సర్పంచిగారికి కబురు పెట్టారు. అంటే ఆడది ఒంటరిగా తిరగడం ఒక్కటే కాదు సమస్య. ఆమె దగ్గర ఒక కారణం ఉండాలి. ఉద్యోగమో, మొక్కో, ఆస్పత్రో, చావో. తన సంతోషం కోసం వెళ్ళడం కారణం కింద లెక్కకు రాదు. బొంబాయి నగరంలో స్త్రీల అనుభవాల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం తెచ్చారు. ఊరికే తిరిగే హక్కు గురించే ఆ పుస్తకం. చదివినప్పుడు ఇది నగరాల గొడవ కదా అనుకున్నాను. బారువలో కొబ్బరిబోండాం తాగుతూ అది గుర్తొచ్చింది.

టెక్కలి దగ్గర తేలినీలాపురం మీలో కొందరు చూసే ఉంటారు. చలికాలంలో పెలికాన్లు, రంగు కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని పురుటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. అక్కడ చెట్టుకింద కూర్చున్న ఒక ముసలమ్మ నన్నేమీ అడగలేదు. "కూకో, చూడు" అంది. రెండు గంటలు కూర్చున్నాను. ఆ పక్షులు మేతకి వెళ్ళేది పక్కనున్న నౌపడ, కాకరాపల్లి తంపర భూములకే. ఆ తంపరలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద 2011 ఫిబ్రవరిలో కాల్పులు జరిగాయి. అంతకు ముందు 2010 జూలైలో సోంపేట బీల కోసం ఇలాగే ప్రాణాలు పోయాయి. సోంపేట ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి అదే నెలలో రద్దయింది. రెండుచోట్లా లాఠీల ముందు నిలబడ్డవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. కొంగల్ని చూడ్డానికి వెళ్ళడం కులాసా వ్యవహారం, ఉద్యమం వేరే అని మనలో కొందరికి ఒక అభిప్రాయం ఉంది. ఆ చెట్టుకింద కూర్చుంటే ఈ రెంటినీ వేరు చేయడం కష్టం.

విశాఖలో డాల్ఫిన్ నోస్ కొండ మీది దీపం 1957 నుంచి వెలుగుతోంది. ప్రతి లైట్‌హౌస్‌కీ వెలిగి ఆరడంలో ఒక లెక్క ఉంటుంది. ఏ రెండు పక్కపక్క దీపాలదీ ఒకే లెక్క కాదు. ఆ లెక్కని బట్టే ఓడలో ఉన్నవాళ్ళు తామే తీరం దగ్గరున్నారో తెలుసుకుంటారు. పగలు గుర్తుపట్టడానికి గోపురం మీద రంగు పట్టీలు వేస్తారు. ఇప్పుడు చేతిలో జీపీఎస్ ఉందిగా, ఇవి దేనికంటే, అది పనిచేయని రాత్రి కోసం.

నేను కొండెక్కింది సాయంత్రం. ఆ తెల్లవారుజామున చేపల రేవులో ఉన్నాను. మూడున్నరకి అక్కడ వందలమంది ఆడవాళ్ళు. పాటలో చేప కొని, ఐసు వేసి, గంప కట్టి, చీకట్లోనే ఎవరి ఊరికి వాళ్ళు బయల్దేరతారు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా అన్నాను. ఒకామె నవ్వింది. "నాకు ఉచితమే అమ్మా. గంపెక్కిత్తే పక్కోళ్ళు ముక్కులు మూసుకుని కొట్లాటకొత్తారు. నేను షేరాటోలోనే ఎల్తాను" అంది. ఇంట్లో నన్ను బయల్దేరనివ్వని భయాలన్నీ ఈమె రోజూ దాటుకుని వెళ్తోంది. ఆమెని ఎవరూ 'ఒంటరి ప్రయాణికురాలు' అనరు. ఆమె అలా వెళ్ళొస్తేనే మన ఇళ్ళల్లోకి చేపలు వస్తాయి గనక ఎవరికీ అభ్యంతరం లేదు. కాబట్టి ఆడవాళ్ళు రాత్రి బయటికెళ్ళకూడదన్న నియమం ఎప్పుడూ అందరికీ ఒకటి కాదు. కులాన్ని బట్టి, ఇంట్లో అన్నానికున్న ఇబ్బందిని బట్టి అది మారుతూనే ఉంది. సంచార స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎవరి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

ఇంకో మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక అది అవసరమే. వేటకెళ్ళే వాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో పది వేల నుంచి ఇరవై వేలకి పెరిగింది. పడవెక్కే మనిషి ఆ లెక్కలో ఉన్నాడు. గంపెత్తే మనిషి లేదు. చేప రాకపోతే ఆమెకీ ఆ రెండు నెలలు పని లేనట్టే గదా.

ఇప్పుడు లాడ్జీ సంగతి. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే ఏ ఊళ్ళో అయినా ఇంతే. రాత్రి ఏడున్నర. కౌంటర్లో కుర్రాడు నా ఆధార్ చూసి, "మీతో ఎవరున్నారండీ?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. "సింగిల్ లేడీస్‌కి రూమివ్వమండీ, పోలీసు రూలు" అన్నాడు. ఆ రూలు కాగితం చూపించమన్నాను. లేదు. పోనీ, ఆడమనిషిని గనక గది ఇవ్వడం లేదని రాసి సంతకం పెట్టమన్నాను. లోపలికెళ్ళి ముసలాయన్ని తీసుకొచ్చాడు. ఆయన నా వయసు చూసి, "పెద్దావిడ కదా, ఇచ్చెయ్యి" అన్నాడు. గది వచ్చింది. హక్కుతో కాదు, నెరిసిన జుట్టుతో వచ్చింది. నా స్థానంలో ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఉంటే ఆ రాత్రి ఎక్కడ పడుకునేది?

మనందరికీ రాజ్యాంగంలో 15(1) తెలుసు. 15(3) తెలుసు. మధ్యలో ఉన్న 15(2) మన శిక్షణ తరగతుల్లో పెద్దగా వినపడదు. దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాల్లోకి ప్రవేశం విషయంలో, ప్రజల కోసం ఉన్న బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకం విషయంలో, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడికీ ఆటంకం కల్పించరాదని అది చెప్తుంది. దీన్ని దళితుల పోరాటం తెచ్చింది. ఇందులో గమనించాల్సింది, ఇది ప్రభుత్వానికి మాత్రమే చెప్పిన మాట కాదు. ప్రైవేటు లాడ్జీ యజమానికి కూడా వర్తిస్తుంది. ఆయన 'నా లాడ్జీ, నా ఇష్టం' అనడానికి వీల్లేదు.

గోదావరి కొసకి వచ్చేసరికి నాకు నడుంనొప్పి మొదలైంది. కానీ కోరింగ చూశాక మర్చిపోయాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ దాటాక చొల్లంగి దగ్గర చెక్క దారి వేశారు, దాని మీద నడుచుకుంటూ లోపలికి వెళ్ళొచ్చు. మడ చెట్టు వేళ్ళు నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి. బురదలో గాలి ఉండదు, అందుకని వేళ్ళు పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. నీరుకుక్కలు రెండు కనిపించాయి. బావురుపిల్లి కనపడలేదు, అది రాత్రి తిరిగే జంతువు. బురదలో అడుగులు చూపించారు.

నీళ్ళు తీసినప్పుడు ఆ బురదలోకి దిగి పీతలు ఏరే ఆడవాళ్ళతో ఒక పూట గడిపాను. తుఫాను గాలిని మొదట కాసేది ఈ చెట్లేనని వాళ్ళు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలకి కోరంగి రేవే తుడిచిపెట్టుకుపోయింది. ఇటునుంచి వెళ్ళిన తెలుగు కూలీలందరినీ బర్మాలో 'కోరంగీలు' అనేవారు. 1996 నవంబరు 6 తుఫాను మాత్రం ఇప్పటికీ అక్కడి ఇళ్ళల్లో ఉంది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో సముద్రంలోనే పోయినవాళ్ళు చాలామంది. శవం దొరకలేదంటే ఆ భార్య పరిస్థితి ఏమిటి? మనిషి జాడ తెలియకుండా ఏడేళ్ళు గడిస్తేనే చట్టం చనిపోయినట్టు భావిస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమం 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప ఆమె అటు భార్యా కాదు, ఇటు వితంతువూ కాదు. తీర గ్రామాల్లో పనిచేసే సంస్థలు తుఫాను రాకముందే ఈ పని పెట్టుకోవాలి. ఎవరు ఏ పడవలో వెళ్ళారో ఒడ్డున రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉంటే, రేపు ఆమె చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

అంతర్వేది లైట్‌హౌస్ ఎక్కితే ఒక పక్క గోదావరి, ఒక పక్క సముద్రం, మధ్యలో సరుగుడు తోటలు. పైన గాలికి చీరకొంగు నిలవలేదు. అక్కడున్న ఉద్యోగిని ఆడవాళ్ళెవరైనా ఈ పని చేస్తారా అని అడిగాను. తానెక్కడా చూడలేదన్నాడు. అమెరికాలో ఐడా లూయిస్ అనే ఆవిడ తండ్రి జబ్బుపడిన నాటి నుంచీ దీపం పని చూస్తూ, సముద్రంలో పడ్డవాళ్ళని పడవ వేసుకెళ్ళి కాపాడింది. ఉద్యోగం ఆమె పేర రాసింది మాత్రం 1879లో. అప్పటిదాకా కాగితం మీద తండ్రి, తర్వాత తల్లి. పొలం పట్టా గురించి మనం చెప్పుకునే కథే ఇది.

సఖినేటిపల్లి రేవులో స్కూటీని పంటు ఎక్కించి నరసాపురం దాటాను. బందరు, దివిసీమ, చీరాల, వీటి గురించి చెప్తే రాత్రవుతుంది. తాబేళ్ళ గురించి మాత్రం చెప్పాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్ళు ఒడ్డుకొస్తాయి. ఆడవే వస్తాయి. మగది పిల్లగా నీళ్ళలోకి వెళ్ళాక మళ్ళీ నేలెక్కదు. ఆడది తాను పుట్టిన తీరాన్ని వెతుక్కుంటూ వచ్చి, గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, కప్పి వెళ్ళిపోతుంది. నేను చూసినవాటిలో బతికున్నది ఒకటి, చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినవి ఏడు. మరపడవల వలల్లో చిక్కి ఊపిరాడక చస్తాయి. వల నుంచి తాబేలు బయటపడే ఏర్పాటు ఉంది గానీ, దాంతోపాటు చేప కూడా పోతుందని బిగించరు. ఇంక ఒడ్డున రిసార్టుల దీపాలు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపుకి పాకుతుంది. సముద్రం మీద చుక్కల వెలుగుకి బదులు హోటలు లైటు కనిపిస్తే ఊళ్ళోకి వచ్చి చస్తుంది. 1991లో వచ్చిన తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ని 2011లో, 2019లో తిరగరాశారు. చివరిసారి తీరానికి దగ్గరగా కట్టడాలకి వెసులుబాటు పెరిగింది. మన గొడవల జాబితాలో ఇదీ చేరాలి.

నేలపట్టులో, పులికాట్‌లో పక్షులు కావలసినన్ని. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి మాత్రం కావలసిన చోట లేదు. ఉన్నచోట తాళం. నీళ్ళు తాగకుండా బండి నడిపిన రోజులు నాలుగు.

లాడ్జీల విషయంలో 15(2) అధికరణాన్ని ఉదహరిస్తూ, ఆడవాళ్ళకి గది నిరాకరించరాదని ప్రతి లాడ్జీ కౌంటర్ మీదా బోర్డు పెట్టించాలని తీర జిల్లాల కలెక్టర్లకి ఒక అర్జీ రాశాను. నకళ్ళు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. చదివి, మార్పులుంటే అంచున రాసి, సంతకం పెట్టండి. మీ ఊళ్ళో ఏ లాడ్జీలో ఏం జరిగిందో తేదీతో సహా వెనకవైపు రాస్తే ఇంకా మంచిది. ఇక మీరు అడగండి.