పదిమందిలో పెట్టే మాట

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన సంఘాల పని సగం వాట్సాప్ గ్రూపుల్లోనే నడుస్తోంది. మీటింగ్ కబురు, పింఛన్ కాగితాల కబురు, ఫలానా ఇంట్లో హింస జరిగిందన్న కబురు అన్నీ అందులోనే. కబురు తొందరగా చేరడం మంచిదే. అయితే ఒక స్త్రీ కష్టాన్ని పదిమంది ముందు పెట్టే హక్కు ఎవరిది? ఆ హక్కు ఆమెది. గ్రూపులో పాటించవలసిన మర్యాదల్లో ఇది మొదటిది.

ఇది మన ఉద్యమానికి కొత్త ప్రశ్న కాదు. 1978లో హైదరాబాద్ పోలీసు స్టేషన్‌లో ఒక స్త్రీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. తర్వాత జరిగిన విచారణలో ఆమె నడవడినే బోనులో నిలబెట్టారు. ఆమె పేరు మీలో చాలామందికి తెలుసు, నేను చెప్పను. అలాంటి కేసులపై దేశమంతటా స్త్రీలు చేసిన ఆందోళనల వల్ల 1983లో అత్యాచార చట్టాన్ని సవరించారు. ఆ సవరణతోనే 228-ఎ సెక్షన్ వచ్చి, బాధితురాలు ఎవరో బయటపెట్టడం నేరమైంది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. పేరే కాదు, ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ సోషల్ మీడియాలో కూడా పెట్టకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది.

ఏడాది తిరగకముందే, 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. ఆమె పేరు, ఫోటో ఫోన్లన్నిటిలో తిరిగిన తర్వాత, ‘దిశ’ అని పిలవమని పోలీసులు కోరవలసి వచ్చింది. వాటిని పంపినవాళ్లలో చాలామంది న్యాయం జరగాలని కోరుకున్నవాళ్లే. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన హాని జరగకుండా పోదు.

మన ఊళ్లలో పేరు తీసేస్తే సరిపోదు. “కోరుట్ల, ఫలానా వాడ, బీడీలు చుట్టే ఆమె, భర్త దుబాయిలో, ఇద్దరు ఆడపిల్లలు” అని రాస్తే ఇక పేరెందుకు? సిరిసిల్లలో ఏ సాంచాల షెడ్డులో పనిచేస్తాడో చెబితే ఆ ఇల్లు తెలిసిపోతుంది. పైగా మన ఆడవాళ్ల ఫోన్ వాళ్లొక్కరిదే కాదు. కొడుకు చూస్తాడు, అత్త వింటుంది, భర్త తీసుకుంటాడు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆమె చేతులు ఖాళీగా ఉండవు. వాయిస్ మెసేజ్‌ను స్పీకర్లో పెట్టి వింటుంది. వాకిట్లో ఉన్నవాళ్లంతా వింటారు. మనం నలభైమందికి పంపామనుకున్న మాట ఎన్ని ఇళ్లకు చేరిందో ఎవరు లెక్కపెట్టగలరు? దెబ్బలు తిన్న స్త్రీ ఆ రాత్రి అదే ఇంట్లో పడుకోవాలన్నది మరిచిపోకూడదు. గృహహింస కేసులో ఏ ఒక్క పక్షం కోరినా విచారణను రహస్యంగా జరపవచ్చని 2005 చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. కోర్టుకు ఉన్నపాటి జాగ్రత్త మనకు ఉండవద్దా?

గల్ఫ్ కబుర్ల విషయమూ అంతే. అక్కడ ఒక మనిషి చనిపోతే భార్యకు తెలియకముందే ఫోటో, పాస్‌పోర్టు కాగితం గ్రూపులకు ఎక్కకూడదు. ఆ కాగితాలు చేరవలసిన చోటు భారత రాయబార కార్యాలయం, విదేశాంగ శాఖ నడిపే ‘మదద్’. ఇంటికి మాత్రం మనిషి నడిచి వెళ్లి చెప్పాలి.

నిజమో కాదో తెలియని కబురు ప్రాణాలు తీస్తుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందన్న పుకారు రాష్ట్రమంతా పాకింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ మెసేజ్‌లు పంపినవాళ్లలో ‘పిల్లలు జాగ్రత్త’ అనుకున్న తల్లులు కూడా ఉండి ఉంటారు.

అందుకని కొన్ని పద్ధతులు పెట్టుకుందాం.

హింస కబురు గ్రూపులో పెట్టవద్దు. బాధ్యురాలైన కార్యకర్తకు ఫోన్ చేయాలి. అవసరమైతే 181కి, సఖి కేంద్రానికి చెప్పాలి. “ఒక కేసుంది, ఇద్దరు రావాలి” అన్నంత వరకే గ్రూపులో చాలు.

ఆమె “సరే” అంటే దేనికి సరే అందో అడగాలి. సంఘానికి చెప్పమన్నంత మాత్రాన ఊరికి చెప్పమన్నట్టు కాదు. రేపు వద్దంటే తీసేయాలి.

మీటింగ్ కబురులో తేదీ, చోటు, టైము ఉండాలి. తప్పిపోయిన పిల్ల దొరికితే ఆ సంగతీ పెట్టాలి. లేకపోతే పాత ఫోటో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

ఎవరు చూశారో, ఎప్పుడు జరిగిందో తెలియనిది ముందుకు పంపవద్దు.

తోటి కార్యకర్త పొరపాటును అందరిముందు ఎత్తిచూపవద్దు. ఆమెతోనే మాట్లాడాలి. సంఘం నిర్ణయాల మీద విమర్శ మాత్రం బాహాటంగానే ఉండాలి. మర్యాద పేరుతో ప్రశ్నించే నోరు నొక్కితే అది మన సంఘం కాదు.

మౌనంగా ఉండమని స్త్రీలకు ఇంతకాలం చెప్పిన సమాజం ఇది. నేను మౌనం బోధించడం లేదు. ఆమె మాట్లాడదలిస్తే పక్కన నిలబడదాం. ఆమె బదులు మనం మాట్లాడేయవద్దు.