కొలత మనిషిదే కావాలి



వికలాంగులకు పరికరాలు పంచే క్యాంపులో ఇచ్చిన చక్రాల కుర్చీ మీద బట్టలు ఆరేసిన ఇళ్లు చాలా చూశాను. ఇచ్చినా వాడుకోరని ఇంటివాళ్లను అంటారు. నేను ఒప్పుకోను. తలుపులో పట్టని కుర్చీ ఎవరికి పనికొస్తుంది? ఇచ్చేముందు ఆ తలుపు వెడల్పు అడిగినవాళ్లు లేరు. కూర్చునే మనిషి తుంటినీ ఎవరూ కొలవలేదు.

మనిషిని చూసి చేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. అబ్దుల్ కలాం గారు హైదరాబాద్‌లో క్షిపణుల మీద పనిచేస్తున్నప్పుడు నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టర్ ఒకరు ఆయన ల్యాబ్‌కు వెళ్లారు. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని తన ఆసుపత్రికి పిలుచుకుపోయారు. అక్కడ చిన్నపిల్లలు 3 కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లతో, అంటే కాలికి ఆసరాగా బిగించే చట్రాలతో, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. పదార్థం అంతకుముందూ ఉంది. పిల్లల నడక కళ్లారా చూశాకే అది కాలిపర్ అయింది.

జైపూర్ కృత్రిమ పాదమూ అలాంటిదే. అప్పటి విదేశీ కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి, దానితో గొంతుకూర్చోలేరు. 1968లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ సేఠీ కలిసి ఉత్తకాళ్లతో పొలంలో దిగగలిగే పాదం చేశారు. వరి, చెరుకు పండించే మన కోటగిరివాళ్లకు ఆ తేడా వేరే చెప్పాలా? చక్రాల కుర్చీ సంగతీ అంతే. మన నల్లరేగడిలో వాన పడితే కుర్చీ ముందరి చిన్న చక్రాలు కూరుకుపోతాయి. ఇక్కడివాళ్లకు ముందు చక్రం పెద్దది, వెడల్పుది ఉండాలి.

చంకకర్రల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, బరువు అరచేతుల మీద పడాలి. చంకల మీద వేలాడితే నరం నలిగి మణికట్టు వాలిపోతుంది. కాలు బాగాలేని మనిషికి చెయ్యి కూడా చెడుతుంది. కర్ర ఎత్తు, చేతిపిడి సరిగ్గా బిగిస్తే ఆగిపోయే నష్టం ఇది! స్పానర్‌తో పది నిమిషాల పని. అది కూడా చేయకుండా పంచడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అందుకే కుర్చీకో, కాలిపర్‌కో, చంకకర్రలకో కొలతలు ఇవ్వడానికి వచ్చేటప్పుడు తలుపు వెడల్పు, గడప ఎత్తు, మరుగుదొడ్డి కొలతలు చీటీ మీద రాసుకుని రండి. రోజూ ఏ పని చేస్తారో చెప్పండి. కాలిపర్ తీశాక ఎర్రబడ్డ చోటు అరగంటలో మామూలు కాకపోతే ఓర్చుకోవద్దు, వెనక్కి తెచ్చి సరిచేయించుకోండి. పిల్లలు ఎదుగుతారు, వాళ్లను ఆరునెలలకోసారి తప్పక చూపించండి.