రెండు వందల ఏండ్ల శాంతి

(మన సంఘం సాయంకాల సభలో చేసిన ప్రసంగం)



నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించినవాణ్ణి. రోము చరిత్ర చెప్పడానికి వీడెవడని ఎవరైనా అంటే కాదనను. కాని గుమాస్తాకు ఫైలు చదవడం వచ్చును. పంతొమ్మిది వందల ఏండ్లనాటి ఫైలొకటి నా చేతికి చిక్కింది. ప్లీనీ అనే గవర్నరుకూ, ట్రాజన్ చక్రవర్తికీ మధ్య నడిచిన ఉత్తరాలవి. వాటిని గురించే చెబుతాను.

ముందు రెండు ముక్కల్లో పూర్వకథ. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర జరిగిన ఓడల యుద్ధంతో రోమనులు తమలో తాము కొట్టుకోవడం ఆగింది. గెలిచినవాడు క్రీ.పూ. 27లో అగస్టస్ అనే బిరుదు పుచ్చుకున్నాడు. అది మొదలు క్రీ.శ. 180లో మార్కస్ అరీలియస్ చనిపోయేదాకా మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు మొత్తంమీద నెమ్మదిగా బతికాయి. రోములో జానస్ దేవుడి గుడి తలుపులు యుద్ధం జరుగుతున్నన్నాళ్ళూ తెరిచి ఉంచేవారు. ఊరు పుట్టినప్పటినుంచీ రెండే సార్లు మూతపడిన ఆ తలుపులను తన హయాంలో మూడుసార్లు మూయమని సెనేటు ఉత్తర్వు చేసిందని అగస్టస్ గొప్పగా చెప్పుకున్నాడు.

అంతమాత్రాన యుద్ధం మాయమైందనుకోకండి. దాన్ని పొలిమేరలకు తోసేశారు. అగస్టస్ 28 దళాల జీతపు సైన్యాన్ని నిలబెట్టి, చాలా భాగం రైను, డాన్యూబు నదుల ఒడ్డుకూ, సిరియా వైపుకూ పంపాడు. సిపాయి ఇరవై ఏండ్లకు పైగా కొలువు చెయ్యాలి, కొలువులో ఉండగా చట్టప్రకారం పెళ్ళి చేసుకోరాదు. లోపలి దేశాలవాడికి మాత్రం కత్తి ముట్టే పని లేకపోయింది. రెండవ శతాబ్దంలో ఏలియస్ అరిస్టైడిస్ అనే గ్రీకు వక్త రోములో ప్రసంగిస్తూ, ఇప్పుడు జనానికి యుద్ధమంటే కట్టుకథలా ఉందన్నాడు. ఆయన సంపన్నుడు. క్రీ.శ. 70లో రోమను సైన్యం తమ దేవాలయాన్ని నేలమట్టం చేయగా చూసిన జెరూసలేం యూదులు ఆ మాట అనగలరా?

అయితే శాంతి ఇచ్చిన సుఖం అబద్ధం కాదు. ఓడదొంగల బెడద తగ్గింది. సుమారు 80 వేల కిలోమీటర్ల రాజమార్గాలు ఏర్పడ్డాయి. ఈజిప్టు ధాన్యం ఓడల్లో వచ్చి రోమును పోషించేది. అగస్టస్ కాలంలో రెండు లక్షలమంది ఉచితంగా గింజలు పొందేవారు. ఇక మన షోలాపురంవారికి, అందులో మగ్గం మీద బతికిన ఇళ్ళవారికి, ముచ్చటైన సంగతి ఒకటుంది. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు పెరిప్లస్ అనే పుస్తకంలో తగర అనే ఊరిని పేర్కొన్నాడు. అది ధారాశివ్ జిల్లాలోని తేర్, మనకు వంద కిలోమీటర్లలోపే. తీరప్రాంతాల సరుకు తగర చేరేదట. అక్కడినుంచి బట్టలు బండ్లమీద భరుకచ్చానికి, అంటే నేటి భరూచికి, పోయి ఓడలెక్కేవి. తూర్పుతీరంలో మసాలియా అనే చోట సన్నబట్టలు విస్తారంగా దొరుకుతాయనీ రాశాడు. అది కృష్ణా ముఖద్వార ప్రాంతమని పండితుల మాట. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని పెద్ద ప్లీనీ వాపోయాడు. ఆయన మన గవర్నరు ప్లీనీకి స్వయాన మేనమామ.

ఇక ఫైలు తెరుద్దాం. సుమారు క్రీ.శ. 111లో ప్లీనీ నేటి తుర్కియే ఉత్తర భాగంలో ఉన్న బిథీనియాకు గవర్నరుగా వెళ్ళాడు. అక్కడ నికోమీడియా అనే పట్టణం నీళ్ళకాలువకని 33 లక్షల 18 వేల సెస్టర్సులు ఖర్చుపెట్టి, సగంలో వదిలేసింది. గుమాస్తాను గనుక లెక్క కట్టాను: ఆనాటి జీతం ప్రకారం 2,765 మంది సిపాయిలకు ఏడాది జీతం! శాంతికాలంలో ఊళ్ళు పరాక్రమం చూపేది కట్టడాలలోనే గదా. స్నానశాల కావాలి, నాటకశాల కావాలి, పక్క ఊరికంటె పెద్దది కావాలి.

ఇంకో ఉత్తరం మా రైల్వేవారికి మరీ దగ్గరిది. సర్కారు గుర్రపు బండ్లలో పోవడానికి పాసు ఉండాలి. ప్లీనీ భార్యకు తాతగారు పోయిన కబురు వచ్చింది. మేనత్తను ఓదార్చడానికి ఆమె వెంటనే బయలుదేరవలసి వచ్చింది. అంతకుముందెన్నడూ సొంతపనికి పాసు ఇవ్వని ఆ మనిషి ఇచ్చేసి, తప్పు చేశానేమోనని చక్రవర్తికి రాసుకున్నాడు. మంచిపని చేశావని ట్రాజన్ జవాబిచ్చాడు. పైఅధికారి అట్లా రాస్తే ఎంత హాయి!

కాని మంచివాడైన ఆ ట్రాజనే మరో ఉత్తరంలో వేరుగా కనబడతాడు. నికోమీడియాలో అగ్నిప్రమాదం జరిగింది. ఎన్నో ఇళ్ళు, వాటితోపాటు వృద్ధుల సభామందిరమూ, ఐసిస్ దేవత గుడీ కాలిపోయాయి. ఊళ్ళో నీళ్ళు చిమ్మే గొట్టం లేదు, ఒక బాల్చీ లేదు. జనం కదలకుండా నిలబడి చూశారని ప్లీనీ రాశాడు. మంటలార్పడానికి 150 మంది పనివాళ్ళతో ఒక సంఘం పెడతాను, మించనివ్వను, నేనే కనిపెట్టి ఉంటానని అనుమతి అడిగాడు. చక్రవర్తి వద్దన్నాడు. ఏ పేరు పెట్టినా, ఏ పనికి కూడినా, పదిమంది చేరితే కొన్నాళ్ళకు అది రాజకీయ ముఠా అవుతుందని ఆయన భయం. సామాను కొనిపెట్టండి, ఇళ్ళవాళ్ళనే ఆర్పుకోమనండి, అని తేల్చాడు.

నేను ఈ ఉత్తరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఈ హాలులో మనం నూట యాభైకి తక్కువ ఉండము. మనవాళ్ళెవరింట్లోనైనా చావు వచ్చినా, పెళ్ళి వచ్చినా అడక్కుండా పోయే అలవాటు ఈ సంఘంవల్లే నిలిచింది. అంతటి సామ్రాజ్యానికి బాల్చీలు పట్టుకున్న 150 మంది అంటే భయం! క్రీ.శ. 14లోనే అధికారుల ఎన్నికను జనసభ చేతిలోనుంచి సెనేటుకు మార్చారు. ఓటు పోయినందుకు జనం కాస్త గొణిగి ఊరుకున్నారు. గింజలు వస్తున్నాయి, ఆటలు జరుగుతున్నాయి, దొంగల భయం లేదు. అట్లా ఊరుకున్నవారి మునిమనుమల కాలానికి నిప్పు అంటుకుంటే నిలబడి చూడడం వింతా?

మూడవ శతాబ్దంలో నదుల ఒడ్డు కాపలా తెగింది. జర్మను తెగలు ఇటలీలోకే వచ్చిపడ్డాయి. పాతగోడను దాటి ఎంతో దూరం పెరిగిన రోముకు అప్పటికి వేరే గోడ లేదు. క్రీ.శ. 271లో అరీలియన్ చక్రవర్తి హడావిడిగా గోడ మొదలుపెట్టించాడు, చుట్టూ 19 కిలోమీటర్లు. దారిలో ఏది అడ్డొస్తే దాన్ని గోడలో కలుపుకుంటూ పోయారు: నీళ్ళకాలువల కమానులు, సమాధులు, ఇళ్ళ గోడలు. అగస్టస్ కాలంనాటి సెస్టియస్ అనే పెద్దమనిషి గోపురంలాంటి సమాధి ఆ గోడలో ఇరుక్కుని ఇప్పటికీ అక్కడే ఉంది.